పొలిమేర దాటే గొట్టం ఊరికీ ఉపయోగపడాలి

శివారు ప్రభుత్వ ప్రాంగణాలకు నగర తాగునీరు, మురుగునీటి వసతి.. చిక్కులేమిటి? దారేది?

పట్టణ పరిధి ముగిసి గ్రామ పంచాయతీ మొదలయ్యే చోట, ఏ జిల్లా కేంద్రంలో చూసినా, ఏదో ఒక ప్రభుత్వ నిర్మాణ శాఖ ప్రాంగణం కనిపిస్తుంది. రహదారులు, భవనాల శాఖ గిడ్డంగి కావచ్చు, జలవనరుల శాఖ వర్క్‌షాపు కావచ్చు. రోడ్డు రోలర్లు, టిప్పర్లు, తారు పీపాలు, కాలువ తూముల షట్టర్లు ఆవరణ నిండా ఉంటాయి. ముందు కార్యాలయం, వెనుక సిబ్బంది క్వార్టర్లు. తాగడానికి క్యాన్ల నీరు, వాడకానికి బోరు నీరు, మరుగుదొడ్లకు సెప్టిక్ ట్యాంకు.. ఇదీ అక్కడి ఏర్పాటు. వేసవిలో బోరు అడుగంటినా, వానాకాలంలో సెప్టిక్ ట్యాంకు పొంగినా సిబ్బంది నోట వచ్చే మాట ఒక్కటే. కూతవేటు దూరంలో నగరపాలక సంస్థ గొట్టాలున్నాయి, వాటిని ఇక్కడి వరకు పొడిగిస్తే సరిపోదా అని.

వినడానికి చిన్న కోరికే. ఆచరణలో ఇది రెండు పనులు. నీటిని తీసుకురావడం ఒకటి, వాడిన నీటిని తిరిగి తీసుకెళ్లడం మరొకటి. మొదటిది తేలిక కనుక అందరూ దాని గురించే అడుగుతారు. రెండోది కష్టం కనుక వాయిదా పడుతుంది. మొదటిదొక్కటే పూర్తయితే ఇబ్బంది తీరకపోగా పెరుగుతుంది. పైగా ఈ రెండు గొట్టాలూ ఒక ఊరి మీదుగా వెళ్లాలి. ఆ ఊరిని పక్కన పెట్టి వేసిన మురుగు గొట్టం సాంకేతికంగా కూడా సరిగా పనిచేయదు. ఎందుకో అంకెలతో సహా చూద్దాం.

ధవళేశ్వరమే ఉదాహరణ

ఈ విషయం అర్థం కావడానికి ధవళేశ్వరాన్ని మించిన స్థలం లేదు. సర్ ఆర్థర్ కాటన్ 1847-1852 మధ్య గోదావరిపై ఆనకట్ట కట్టించిన నాటి నుంచి ఇది డెల్టా నీటిపారుదలకు కేంద్రం. పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన బ్యారేజీ 1982లో పూర్తయింది. అధికారుల కార్యాలయాలు, వర్క్‌షాపు, కాటన్ మ్యూజియం అన్నీ ఇక్కడే ఉన్నాయి. వరదల్లో నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది జారీ చేసేది ఇక్కడి నుంచే. 1986 ఆగస్టు వరదల్లో 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం ఈ బ్యారేజీని దాటింది. అటువంటి రోజుల్లో సిబ్బంది రాత్రింబవళ్లు ఇక్కడే ఉండాలి.

రాజమహేంద్రవరం నగరానికీ ధవళేశ్వరానికీ మధ్య ఇళ్ల వరుస ఎక్కడా తెగదు. అయినా 2011 జనాభా లెక్కల నాటికి ఇది నగరపాలక సంస్థ పరిధి బయటి ఊరు. అప్పటికే ఇక్కడి జనాభా 40 వేలు దాటింది. విచిత్రమేమంటే, నగర మురుగునీటిని శుద్ధి చేసే రోజుకు 3 కోట్ల లీటర్ల సామర్థ్యం గల కేంద్రాన్ని కట్టింది నగరంలో కాదు, గ్రామీణ మండలంలోని హుకుంపేటలో. నగరం మురుగు పొలిమేర దాటి రావడానికి అడ్డురాని పరిధులు, పొలిమేర ఇవతలి మురుగును అదే గొట్టంలో కలపాలన్నప్పుడు మాత్రం ముందుకొస్తాయి.

మరో ముఖ్య విషయం ఉంది. తూర్పు డెల్టా ప్రధాన కాలువ ధవళేశ్వరం వద్దే బయలుదేరుతుంది. డెల్టాలోని ఎన్నో గ్రామాలు కాలువ నీటితోనే వేసవి తాగునీటి చెరువులు నింపుకొంటాయి. కాలువ మొదట్లో కలిసిన మురుగు శివారు ఊళ్ల బిందెల్లోకి చేరుతుంది. తలదగ్గర మురుగు ఎటు పోతోందన్నది ఆ ప్రాంగణంలోని వారికే కాదు, కాలువ చివరన ఉన్నవారికీ సంబంధించిన సంగతి.

ఎవరి పరిధి? ఎవరి బాధ్యత?

రాజ్యాంగ 73వ, 74వ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి. పదకొండో షెడ్యూలు తాగునీటిని, పారిశుద్ధ్యాన్ని పంచాయతీల జాబితాలో చేర్చింది. పన్నెండో షెడ్యూలు అవే బాధ్యతలను పట్టణ సంస్థల జాబితాలోనూ చేర్చింది. చట్టాలూ వేర్వేరు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాలకు 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం, పట్టణాలకు 1965 నాటి పురపాలక సంఘాల చట్టం వర్తిస్తాయి. తెలంగాణలో 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం, 2019 నాటి పురపాలక చట్టం ఉన్నాయి. పొలిమేర గీతకు అటు ఒకరు, ఇటు మరొకరు.

ప్రభుత్వ ప్రాంగణం ఉన్నది పంచాయతీ నేల మీద. నీరున్నది నగరపాలక సంస్థ చేతిలో. గొట్టం వేయాల్సిన రోడ్డు చాలాచోట్ల రహదారులు, భవనాల శాఖది. మధ్యలో రైల్వే లైను వస్తే ఆ శాఖ అనుమతి అదనం. కాలువ దాటాల్సివస్తే జలవనరుల శాఖను అడగాలి. నగర పాలకవర్గం తీర్మానం, పంచాయతీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం, రోడ్డు తవ్వకానికి అనుమతి.. ఇన్ని కాగితాలు ఒక్కచోట చేరాలి. ఏ ఒక్కటి ఆగినా దస్త్రం ఆగుతుంది.

గ్రామాన్ని నగరంలో విలీనం చేస్తే సమస్య దానంతటదే తీరుతుందన్న వాదన ఉంది. అది సగమే నిజం. విలీనంతో పరిధి తగాదా తీరుతుంది, గొట్టం మాత్రం పడదు. పన్ను నోటీసు వచ్చినంత వేగంగా మ్యాన్‌హోల్ రాదు.

నీటి లెక్క

లెక్క కోసం ఒక ప్రాంగణాన్ని ఊహించుకుందాం. కార్యాలయం, వర్క్‌షాపుల్లో కలిపి 100 మంది పనివారు, 20 క్వార్టర్లలో 100 మంది నివాసులు, నగర గొట్టం నుంచి దూరం 3 కిలోమీటర్లు అనుకుందాం. భారత ప్రమాణాల ప్రకారం కార్యాలయాల్లో మనిషికి రోజుకు 45 లీటర్ల నీరు కావాలి. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న పట్టణాల్లో నివాసులకు తలకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సూచించిన కొలత. ఆ లెక్కన పనివారికి 4,500, నివాసులకు 13,500, మొత్తం రోజుకు 18,000 లీటర్లు. మూడు నాలుగు ట్యాంకర్ల నీరు. నగరానికి ఇది లెక్కలోకి రాని మొత్తం.

కానీ ఆ కొద్ది నీరు 3 కిలోమీటర్లు ప్రయాణించాలి. 100 మిల్లీమీటర్ల గొట్టం వేస్తే అందులోనే 23,500 లీటర్ల నీరు పడుతుంది. రోజు వాడకం 18,000 లీటర్లు కనుక, నగరంలో బయలుదేరిన నీరు కుళాయికి చేరడానికి ఒక రోజు దాటుతుంది. అంతసేపు గొట్టంలో నిలిచిన నీటిలో క్లోరిన్ తగ్గిపోతుంది. చివరి కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది నియమం. దాన్ని నిలపాలంటే ప్రాంగణం వద్ద మళ్లీ క్లోరిన్ కలిపే ఏర్పాటు ఉండాలి.

ఒత్తిడి సంగతీ చూడాలి. గొట్టం చివరన నీరు అంతస్తులు ఎక్కే బలంతో రాదు. భూమిలో సంపు, పైన ట్యాంకు తప్పవు. నగరంలో నీరు రోజుకు గంటో రెండు గంటలో వదిలే చోట మిగతా సమయంలో గొట్టం ఖాళీగా ఉంటుంది. అతుకుల వద్ద చుట్టూ ఉన్న మురుగును అది లోపలికి పీల్చుకుంటుంది. అందుకే తాగునీటి గొట్టానికీ మురుగు గొట్టానికీ మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలని, ఒకదాన్నొకటి దాటే చోట తాగునీటి గొట్టం పైన ఉండాలని నిబంధన. ఖర్చు తగ్గుతుందని రెండింటినీ ఒకే కందకంలో పక్కపక్కనే వేయడం రోగాన్ని కొని తెచ్చుకోవడమే.

ఇవన్నీ పరిష్కారం ఉన్న సమస్యలే. నీటిని పంపుతో నెట్టవచ్చు, ట్యాంకులో నిల్వ చేయవచ్చు, క్లోరిన్ కలపవచ్చు.

మురుగే అసలు చిక్కు

వాడిన నీటిలో సుమారు 80 శాతం మురుగుగా బయటకు వస్తుంది. మన ప్రాంగణం నుంచి రోజుకు 14,400 లీటర్లు. దీన్ని నగర మురుగు వ్యవస్థకు చేర్చాలంటే మామూలుగా వాలు మీద ఆధారపడాలి. తాగునీటి గొట్టంలా ఎత్తుపల్లాల వెంట దీన్ని వేయలేం. ఒక్కచోట వాలు తప్పినా అక్కడ మడ్డి పేరుకుంటుంది.

వీధి మురుగు గొట్టం కనీసం 150 మిల్లీమీటర్లు ఉండాలి. అందులో మడ్డి పేరుకోకుండా దానంతటదే కొట్టుకుపోవాలంటే నీరు సెకనుకు 0.6 మీటర్ల వేగంతో పారాలి. సగం నిండి పారే గొట్టంలో ఆ వేగం రావాలంటే కిలోమీటరుకు దాదాపు 5 మీటర్ల వాలు అవసరం. 3 కిలోమీటర్లకు 15 మీటర్లు. డెల్టా నేల చదునుగా ఉంటుంది. ఒక చివర మనిషి లోతు కందకంతో మొదలుపెడితే రెండో చివరకు అయిదంతస్తుల భవనమంత లోతు తవ్వాలి. నాలుగడుగులకే నీరు ఊరే భూమిలో అది జరిగే పని కాదు. మధ్యలో మురుగును పైకి ఎత్తిపోసే పంపింగ్ కేంద్రాలు పెట్టాల్సిందే.

వాలు కుదిరిందనుకున్నా మరో చిక్కు ఉంది. ఆ గొట్టం సగం నిండి పారాలంటే సెకనుకు 5.3 లీటర్ల మురుగు కావాలి. మన ప్రాంగణం నుంచి వచ్చేది సగటున సెకనుకు 0.17 లీటర్లు. ఉదయం రద్దీ వేళ మూడింతలు వేసుకున్నా 0.5 లీటర్లే. అంటే కావాల్సిన దానిలో పదో వంతు. సన్నని ధార గొట్టం అడుగున పాకుతూ పోతుంది, మలినం ఎక్కడికక్కడ నిలిచిపోతుంది. గొట్టం ఏడాది తిరిగేలోపే మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది.

దీనికి ఇంజినీర్లు చెప్పే ప్రత్యామ్నాయం పంపుతో నెట్టే సన్నని మూసిన గొట్టం. వాలుతో పనిలేదు. అయితే 80 మిల్లీమీటర్ల గొట్టంలో 3 కిలోమీటర్లకు 15,000 లీటర్లు పడుతుంది. మురుగు దాదాపు ఒక రోజు గాలి తగలకుండా అందులో నిలుస్తుంది. కుళ్లి విషవాయువు పుడుతుంది. అది తెరుచుకునే మ్యాన్‌హోల్ వద్ద కార్మికుడి ప్రాణానికి ముప్పు. ఇంకో లోపం అందరికీ కనిపించేది. ఒత్తిడితో నడిచే ఆ మూసిన గొట్టానికి దారిలోని ఇళ్లవారు తమ మరుగుదొడ్డి కలుపుకోలేరు. వీధి తవ్వేది వారి గుమ్మం ముందు, దుమ్ము తినేది వారు, ప్రయోజనం మాత్రం గొట్టం రెండు చివరలకే.

ఊరు కలిస్తే గొట్టం బతుకుతుంది

ఇక్కడే లెక్క మరో మాట చెబుతోంది. వాలు గొట్టం సక్రమంగా పారడానికి కొరతగా ఉన్నది మురుగు. దారిలోని ఊరి నుంచి సుమారు 1,300 మంది, అంటే 300కు పైగా కుటుంబాలు ఆ గొట్టానికి కలిస్తే రద్దీ వేళ సెకనుకు 5.3 లీటర్లు వచ్చేస్తాయి. ధవళేశ్వరం వంటి ఊళ్లో అది రెండు మూడు వీధుల సంగతి. ఊరిని కలుపుకోవడం దయ కాదు, గొట్టానికి ఊపిరి.

అయితే ఒక షరతుంది. పై లెక్క తలకు 135 లీటర్ల నీరు అందినప్పటిది. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ గ్రామాలకు నిర్దేశించింది తలకు 55 లీటర్లు. అంతే అందితే ఆ గొట్టం పారడానికి 1,300 మంది చాలరు, 3,100 మందికి పైగా కలవాలి. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ గ్రామాలకు తలకు 100, పురపాలక సంఘాలకు 135, నగరపాలక సంస్థలకు 150 లీటర్ల చొప్పున రూపొందింది. అక్కడ పల్లెకూ పట్టణానికీ నీటి విషయంలో దూరం కొంత తగ్గింది. మురుగు విషయంలో ఆ దూరం తగ్గించే పథకం ఇంకా విడిగానే ఆలోచించాలి. రెంటికీ కలిపి అంచనా వేయాలనడానికి కారణం ఇదే. నీరు చాలకపోతే మురుగు గొట్టం పనిచేయదు. మురుగు గొట్టం లేకపోతే పెరిగిన నీరు వీధిన పడుతుంది.

నీరొక్కటే వస్తే..

ఆచరణలో ఎక్కువగా జరిగేది ఈ చివరిదే. తాగునీటి గొట్టం ప్రారంభోత్సవం జరిగిపోతుంది. మురుగు అంచనాలు రెండో దశకు నెడతారు. బోరు నీటితో పొదుపుగా వాడిన చోట కుళాయి ధారాళంగా వస్తుంది. పాత సెప్టిక్ ట్యాంకు ఆ నీటిని తట్టుకోలేదు. నీరు లోపల నిలవాల్సినంత సేపు నిలవక మలినంతోనే బయటకు వస్తుంది. ఇంకుడు గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలన్నది నియమం. భూగర్భజలం పైపైనే ఉన్న డెల్టాలో ఆ గుంత ఇంకించదు, పొంగుతుంది. పొంగింది పక్క కాలువలోకి, పక్క ఇంటి చేతిపంపులోకి చేరుతుంది.

నిండిన ట్యాంకును ఖాళీ చేయించడం మరో ప్రమాదం. మనుషులను లోపలికి దించి శుద్ధి చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అటువంటి మరణానికి 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ప్రభుత్వ ప్రాంగణంలోని ట్యాంకుకు కూడా ఇదే చట్టం. గుత్తేదారుకు అప్పగించామన్న మాట బాధ్యతను తప్పించదు.

నూనె, తారు, వాన నీరు

ఇటువంటి ప్రాంగణాల మురుగు ఇళ్ల మురుగులా ఉండదు. వాహనాలు కడిగిన నీటిలో డీజిలు, గ్రీజు, మట్టి ఉంటాయి. పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం నగర మురుగు గొట్టంలోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. నదులు, కాలువల్లోకైతే 10 మాత్రమే. శుద్ధి కేంద్రంలో మలినాన్ని తినేవి సూక్ష్మజీవులు. నూనె తెట్టు కట్టి గాలి అందకుండా చేస్తే వాటి పని దెబ్బతింటుంది. కనుక వాహనాలు కడిగే చోట ఇసుక తొట్టి, నూనె వేరుచేసే తొట్టి కట్టి, అక్కడ వడకట్టిన నీటినే గొట్టంలోకి వదలాలి. తారు, వాడిన ఇంజిన్ ఆయిలు అసలే కలపరాదు.

వాన నీటిని కూడా దూరంగా ఉంచాలి. ఒక ఎకరా ఆవరణలో 25 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల నీరు చేరుతుంది. మన ప్రాంగణం రోజు మురుగుకు అది ఏడింతలు. ఆవరణ కాలువను మురుగు గొట్టానికి కలిపితే ఒక్క జల్లుకే దిగువ వీధుల మ్యాన్‌హోళ్లు పైకి తన్నుతాయి. గోదావరి వరదలో ఉన్న రోజుల్లో లోతట్టు మురుగు కాలువల నీరు నదిలోకి దిగదు. సిబ్బంది అత్యధికంగా ఉండే సమయం, మురుగు పోయే దారి మూసుకునే సమయం ఒక్కటే కావడం ధవళేశ్వరం వంటి చోట మరింత జాగ్రత్త కోరుతుంది.

ఊరు చిన్నదైతే?

దారిలో ఇళ్లు లేని చోట, ప్రాంగణం పొలాల మధ్య ఒంటరిగా ఉన్న చోట వాలు గొట్టం పట్టుబట్టి వేయడం వృథా. అక్కడ నీటిని మాత్రం తీసుకుని, మురుగును ఆవరణలోనే శుద్ధిచేసి చెట్లకు వాడుకునే చిన్న కేంద్రం మేలు. లేదా సెప్టిక్ ట్యాంకును ప్రమాణాల ప్రకారం తిరిగి కట్టి, రెండు మూడేళ్లకోసారి యంత్రంతో తోడించి మలవ్యర్థాల శుద్ధి కేంద్రానికి పంపవచ్చు. ఈ విషయంలో వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే నిబంధనలు రూపొందించింది. కేంద్రం 2017లో జాతీయ విధానం ప్రకటించింది. తోడిన ట్యాంకరు వ్యర్థాలను ఎక్కడ పారబోస్తోందో చూసే నాథుడు ఉంటేనే ఈ పద్ధతికి అర్థం. రాత్రివేళ కాలువ గట్టున వదిలేస్తే అన్ని లెక్కలూ వ్యర్థమే.

ఖర్చు ఎవరిది?

ఇటువంటి పనులను సాధారణంగా కోరిన శాఖ సొమ్ము జమ చేస్తే పురపాలక ఇంజినీర్లు చేసి పెడతారు. దీన్నే డిపాజిట్ పని అంటారు. గొట్టం వేయడానికి ఒకసారి సొమ్ము దొరుకుతుంది. పంపింగ్ కేంద్రం కరెంటు బిల్లు, జనరేటరు డీజిలు, పూడిక తీసే యంత్రం, కాపలా మనిషి జీతం ఏటేటా కావాలి. ఒప్పందంలో ఈ మాట లేకపోతే మూడో ఏట పంపు ఆగిపోతుంది. ఆగింది ఎవరు బాగుచేయాలన్న ఉత్తరాలు రెండు కార్యాలయాల మధ్య తిరుగుతుంటే మురుగు రోడ్డెక్కుతుంది.

ఊరిని కలుపుకొంటే ఖర్చు పంచుకునే దారీ ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సూచించిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించాలని చెప్పింది. శాఖ జమచేసే సొమ్ముకు పంచాయతీ వాటా తోడైతే వీధి గొట్టాలు, ఇంటి కలుపులు కూడా అదే అంచనాలో చేరతాయి. ఒకసారి తవ్విన రోడ్డును మళ్లీ తవ్వే పని ఉండదు.

అంచనా దశలోనే అడగాలి

రోడ్డు తవ్వడం మొదలయ్యాక ఎవరు ఏం చెప్పినా గొట్టం వ్యాసం మారదు, లోతు మారదు. అందుకే అడగాల్సింది అంచనాలు వేసేటప్పుడు. తీర్మానం గ్రామసభకు వచ్చిన రోజు ఈ అయిదు ప్రశ్నలకు రాతపూర్వక సమాధానం కోరాలి.

* నీటి గొట్టం, మురుగు గొట్టం ఒకే అంచనాలో ఉన్నాయా? లేకపోతే మురుగు పనికి గడువెంత?

* మురుగు గొట్టం వాలుదా, పంపుతో నెట్టేదా? దారిలోని ఇళ్లకు కలుపుకునే వీలుందా?

* పంపింగ్ కేంద్రం నిర్వహణ ఖర్చు ఏటా ఎవరు భరిస్తారు?

* వాహనాలు కడిగిన నీటికి నూనె తొట్టి, వాన నీటికి వేరే కాలువ ఉన్నాయా?

* మురుగు చివరకు చేరే శుద్ధి కేంద్రానికి దాన్ని తీసుకునే సామర్థ్యం ఉందా?

కార్యాలయంలో పనిచేసే గుమాస్తాకు, వర్క్‌షాపులో చేతులకు గ్రీజు అంటిన కార్మికుడికి శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి దక్కాల్సిందే. వరద వేళ గట్టు మీద కాపలా ఉండే లస్కరుకు అది మరీ అవసరం. అదే గొట్టం గుమ్మం ముందు నుంచి వెళ్లే ఊరికీ ఆ హక్కు ఉంది. ఆ ఇళ్లను కలిపితే గొట్టం పారుతుంది, కాలువ శుభ్రంగా ఉంటుంది, కాలువ చివరి ఊరి చెరువు నీరు తాగడానికి పనికొస్తుంది.